నాన్నగారు చూచిన ఆట

మా నాన్నగారు జీవితమంతా క్రికెట్‌ను చెవులతో చూచిన మనిషి. గుంటూరు జిల్లాలోని మా ఊళ్ళో వీధి అరుగు మీద ట్రాన్సిస్టర్ పెట్టుకొని, ఆకాశవాణి ఇంగ్లీషు వ్యాఖ్యానాన్ని ఎప్పటికప్పుడు తెలుగులో మాకు వినిపించేవారు. టెస్టు మ్యాచ్‌ను మైదానంలో చూడాలన్న ఆయన కోరిక తీరేనాటికి డెబ్బయి ఏళ్ళు వచ్చాయి; రెండు కళ్ళలోను శుక్లాలు. ఆపరేషను కోసమే ఢిల్లీలో నా దగ్గరికి వచ్చారు.

అది 1999 ఫిబ్రవరి 7, ఆదివారం. ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో పాకిస్తాన్‌తో రెండవ టెస్టు, నాలుగవ రోజు. అంతకు వారం క్రితమే చెన్నైలో 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ బాధ ఇంకా మానలేదు. ఇప్పుడు వాళ్ళ గెలుపుకు 420 పరుగులు కావాలి. భోజన విరామం దాకా ఒక్క వికెట్టూ పడలేదు.

సిమెంటు మెట్ల మీద కూర్చున్న నాన్నగారికి దూరాన తెల్లని మచ్చలు కదలడం తప్ప మరేమీ తెలియడం లేదు. నాకు మనసు చివుక్కుమంది.

"ఇంటికి పోదామా నాన్నగారూ?" అన్నాను.

"ఎందుకురా? నాకు కావలసింది వ్యాఖ్యాత. నువ్వు చెప్పు" అన్నారు.

విరామం తరువాత అనిల్ కుంబ్లే పెవిలియన్ వైపునుంచి బంతి అందుకున్నాడు. స్కోరు 101 వద్ద వరుస బంతుల్లో ఆఫ్రిదీ, ఇజాజ్ అహ్మద్ వెళ్ళిపోయారు. నేను చెబుతున్నాను; ఆయన ఒక్కొక్క వికెట్టుకు ఒక్కొక్క వేలు ముడుస్తున్నారు. ఒక చేయి పూర్తయింది. రెండవ చేయి మొదలయింది. అన్నీ కుంబ్లేవే!

"1956లో మాంచెస్టర్‌లో లేకర్ పది తీశాడు. 53 పరుగులకు. పత్రికలో చదివాను" అన్నారు నాన్నగారు మెల్లగా. ఇక మాట్లాడలేదు. తొమ్మిది వేళ్ళు ముడుచుకున్నాయి. రెండవ వైపునుంచి శ్రీనాథ్ వికెట్ తనకు పడకుండా బంతులను కావాలనే దూరంగా వేస్తున్నాడు. బౌలర్ వికెట్ వద్దనుకోవడం నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

తరువాత ఏమైందో నేను చెప్పలేకపోయాను. గొంతు పెగలలేదు. మైదానమంతా లేచి నిలబడింది. నాన్నగారు నా చేయి పట్టుకొని కుదుపుతున్నారు.

"ఎవడురా అవుటు? పట్టిందెవరు?"

"అక్రమ్, నాన్నగారూ! పట్టింది లక్ష్మణ్!"

"మన హైదరాబాదు కుర్రాడే!" అంటూ పదవ వేలు ముడిచారు. కుంబ్లేకు 74 పరుగులకు 10 వికెట్లు. మనకు 212 పరుగుల విజయం.

ఆపరేషను అయిన కొన్నాళ్ళకు టీవీలో ఆ పది వికెట్లూ మళ్ళీ చూపించారు. కొత్త కళ్ళద్దాలతో నాన్నగారు రెప్ప వేయకుండా చూచి, నా వైపు తిరిగారు.

"ఇంజమామ్ బ్యాటుకు తగిలే కదరా బంతి వికెట్ల మీదికి పోయింది! ఆ సంగతి నువ్వు చెప్పనే లేదు."