కడుపుతో ఏరు దాటొద్దు

కడుపుతో ఉన్న ఆడపిల్ల పడవలో ఏరు దాటొద్దని మా అమ్మ శాసనం. సోమశిలలో కూర్చుని ఆ మాటంటే ఎంత చిక్కో చూడండి. ఇంటి ముందే కృష్ణ. అవతలి గట్టు ఆంధ్ర. మా బిడ్డనిచ్చింది ఆ గట్టెక్కి పోతే వచ్చే ఆత్మకూరుకు. మామూలు రోజుల్లో సోమశిలలో పడవెక్కి సిద్ధేశ్వరం గట్టున దిగేవాళ్ళం. ఏడో నెలలో తల్లిగారింటికి తెచ్చుకోవడానికి మాత్రం కర్నూలు, ఆలంపూర్ చౌరస్తా, పెబ్బేరు, కొల్లాపూర్ అంటూ కారులో ఊళ్ళన్నీ చుట్టుకొని వచ్చాం. దారి పొడవునా అల్లుడు కిరాయి లెక్క కడుతూనే ఉన్నాడు.

అమ్మది మూఢనమ్మకమని కొట్టిపారేయలేను. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. అప్పటి నుంచి ఈ పక్క ఎవరు ఓట్లకొచ్చినా వంతెన మాట ఎత్తకుండా పోరు. 2022లో కేంద్రం వెయ్యి కోట్ల పైచిలుకు అంచనాతో సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన మంజూరు చేసింది కూడా. ఈ కాన్పుకైతే అందలేదు, రెండో కాన్పుకు చూడాలి.

వచ్చిన పిల్లకు ఇక్కడ మొదటి శత్రువు చేప. ఆదివారమొస్తే హైదరాబాద్ కార్లన్నీ మా ఘాట్ల దగ్గరే, ఏ మూల చూసినా నూనెలో చేప ముక్కలు చిటపటలాడుతుంటాయి. చిన్నప్పుడు ఆ ముక్కల కోసం బడి ఎగ్గొట్టిన పిల్ల ఇప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని లోపలింట్లో దూరుతోంది. అడిగేది మామిడికాయ. కొల్లాపూర్ మామిడి పేరు ఎంత పెద్దదైనా సెప్టెంబర్లో కాయ ఎక్కడ తేను? ఊరగాయ ముక్కతో సరిపెట్టుకోమన్నాం. ఊరగాయ మానేసి, బీపీ చూపించుకొని రమ్మంది అంగన్‌వాడి టీచరు.

సెప్టెంబర్ 7 రాత్రి చంద్రగ్రహణం. ఆరోజు ఇంట్లో కర్ఫ్యూ పెట్టింది అమ్మ. కత్తి ముట్టొద్దు, గీరుకోవద్దు, బోర్లా పడుకోవద్దు. ఏడో నెల కడుపుతో బోర్లా ఎట్లా పడుకుంటానే అవ్వా అని పిల్ల నవ్వింది. దుప్పటి కింద ఫోన్లో గ్రహణాన్ని లైవ్‌లో చూసింది కూడా. అమ్మకు చెప్పలేదు.

అసలు భయం చంద్రుడిది కాదు, రక్తానిది. తొలి పరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 అని వచ్చింది. ఆశమ్మ ఆ అంకె కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, ‘బిడ్డా, పదికి పైన చూపియ్యాలె నాకు’ అని పోయింది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడిలో గర్భిణికి ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు ఉన్నాయి. ఇంటికి తెచ్చుకుంటే గుడ్డు నలుగురి పాలవుతుందని టీచరమ్మ తన ఎదురుగానే తినిపిస్తుంది. గుడ్డు పెంకు తానే ఒలిచి, ఉప్పు అద్ది, పిల్ల నోట్లో పడేదాకా కదలదు. ఐరన్ గోళీ మాత్రం రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంది, చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టదట. నేను చూసినంతలో సర్కారు అంటే ఆ ఉప్పద్దిన గుడ్డే. మిగతాది టీవీలో ఉంటుంది.

టీవీలో మా పిల్ల కడుపు పెద్ద రాజకీయమైపోయింది. నియోజకవర్గాల పునర్విభజన వస్తే దక్షిణాదికి సీట్లు తగ్గుతాయట, కాబట్టి ఎక్కువమందిని కనాలట. ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచిగా నిలబడే వీలు లేదని 1994లో చట్టం చేసిన గడ్డ ఇది. అదే నిబంధనను ఆంధ్ర 2024లో ఎత్తేసింది, తెలంగాణ కూడా అదే దారి పట్టింది. ముప్పై ఏళ్ళు వద్దు వద్దన్నవాళ్ళే ఇప్పుడు కనండి కనండి అంటున్నారు. కనేది ఎవరు, ఎక్కడ, ఎట్లా అన్న ముచ్చట మాత్రం ఆ చర్చల్లో రాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ఇందులో పంతులు పెట్టిన ముహూర్తాలకు కోసినవి ఎన్నో. మా వియ్యపురాలు కూడా ఫోన్లో, ‘మంచి నక్షత్రం చూసి కర్నూల్లో ఆపరేషన్ చేయిస్తే అయిపోతుంది గదా వదినా’ అంది. మా ఆవిడ, ‘నొప్పులు రానీ వదినా, నక్షత్రం సంగతి తర్వాత చూద్దాం’ అని ఫోన్ పెట్టేసి, ఆ సాయంత్రమంతా గిన్నెలు గట్టిగా తోమింది.

కాన్పు నాగర్‌కర్నూల్లో అనుకున్నాం. 2022లో అక్కడ మెడికల్ కాలేజీ వచ్చాక పెద్ద డాక్టర్లు దొరుకుతున్నారన్న ధైర్యం. అమ్మఒడి బండికి 102 కొట్టాలని గోడ మీద బొగ్గుతో రాసి పెట్టాను. ఆధార్‌లో ఆత్మకూరు అడ్రసు ఉంది కాబట్టి ఇక్కడి కాన్పు కిట్టు, డబ్బులు రావేమోనని పక్కింటామె బెంగ. ఆంధ్రకు పోతే వాళ్ళ తల్లీబిడ్డ బండి ఉంది, వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. బిడ్డ ఏ సర్కారు ఖాతాలో పడుతుందో ఇంకా తేలలేదు. బరువు పెరుగుతున్నాడు, అది చాలు. పెరుగుతోందో ఏమో! స్కానింగ్‌లో చెప్పరు, మేమూ అడగం.

మొన్న పరీక్షలో హిమోగ్లోబిన్ 10.1 వచ్చింది. ఆశమ్మ ఈసారి గీత కొట్టలేదు. అదే పొద్దున సర్పంచికి నిలబడతానంటున్న ఆయన నలుగురిని వెంటేసుకొని గడపలోకి వచ్చాడు. పిల్లను చూసి, ‘మా ఊరి ఆడబిడ్డ, శుభం’ అని చేతులు జోడించాడు. ఓటు ఎక్కడుందమ్మా అనడిగాడు. ఆత్మకూరులో అంది. ఆయన చేతులు దింపి నా వైపు తిరిగాడు. అమ్మ అరుగు మీంచే అందుకుంది. ‘దాని ఓటు ఏడుంటే నీకేంది నాయినా, కాన్పు ఈడనే గద. నడిరాత్రి నొప్పులొస్తే దవాఖానల డాక్టరమ్మ ఉంటదా, ఉండదా, గది చెప్పు.’

కనుక్కొని చెప్తా అవ్వా అన్నాడు. ఇంకా రాలేదు. అమ్మ రోజూ అడుగుతోంది.