వంతగాడు లేని కథ

టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ అని పేరు పెట్టుకున్న పాటల జట్టులో పాడే నార్మన్ బ్లేక్‌కు అరవై నిండాయి. పేరు మాత్రం మార్చుకోలేదు. మనుమలు పుట్టినా ‘చిన్నోడా’ అనే పిలిపించుకునే పెద్దమనుషులు మా కరీంనగర్ దిక్కు కూడా ఉన్నారు కాబట్టి నాకది వింతగా అనిపించలేదు. గ్లాస్గోకు రైలులో అరగంట లోపు దూరంలో ఉన్న బెల్స్‌హిల్‌లో 1989లో ఈ జట్టు పుట్టింది. నేను గ్లాస్గోకు వచ్చాక, తోటి ఉద్యోగి ఒకాయన బలవంతం మీద వినడం మొదలుపెట్టి, విడవలేకపోయాను.

వాళ్ళది పవర్ పాప్. గిటార్లు గట్టిగా మోగాలి, పల్లవి మాత్రం ఒక్కసారి వింటే నోటికి రావాలి, మూడు నాలుగు నిమిషాల్లో పాట ముగియాలి. ద హూ జట్టు పీట్ టౌన్‌షెండ్ 1967లో తమ సంగీతానికి పెట్టిన పేరది. అమెరికాలో బిగ్ స్టార్ లాంటి జట్లు ఆ దారిలో నడిచి, మంచి పాటలు చేసి, డబ్బు చూడకుండానే పోయాయి. ఫ్యాన్‌క్లబ్‌కు గురువులు వాళ్ళే. 1991లో స్పిన్ పత్రిక ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా నిర్వాణ ‘నెవర్‌మైండ్’ను కాదని వీళ్ళ ‘బ్యాండ్‌వాగనెస్క్’ను ఎంచింది. తర్వాత లోకమంతా నిర్వాణ వెంట పోయింది. స్పిన్ వాళ్ళది తప్పని మాత్రం నేను ఒప్పుకోను.

ఈ జట్టు బలం ముగ్గురు. బ్లేక్, రేమండ్ మెగిన్లీ, జెరార్డ్ లవ్ ముగ్గురూ పాటలు కడతారు, ముగ్గురూ పాడతారు. ‘సాంగ్స్ ఫ్రమ్ నార్తర్న్ బ్రిటన్’లో పన్నెండు పాటలుంటే తలా నాలుగు. అన్నదమ్ముల పంపకాల్లో కూడా ఇంత నికరం నేను చూడలేదు. అలాంటి జట్టులోంచి 2018లో లవ్ బయటికొచ్చాడు. తగాదా డబ్బు దగ్గర రాలేదు. జపాన్, ఆస్ట్రేలియా దాకా విమానాల్లో తిరిగి కచేరీలు చేసే పర్యటనకు ఆయన ఒప్పుకోలేదు, మిగిలినవాళ్ళు మానలేదు. విమానం ఎక్కనని గట్టిగా చెప్పి ఇంటిపట్టున ఉండిపోయిన మనిషి మీద, ఇరవైల్లోనే శంషాబాద్‌లో విమానమెక్కిన నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

అప్పటికి ఆ జట్టు వయసు దాదాపు ముప్పై ఏళ్ళు. లవ్ గొంతును పోలిన కుర్రాణ్ణి తెచ్చి ఆయన పాటలే పాడిస్తే అడిగేవాళ్ళు లేరు. వాళ్ళు ఆ పని చెయ్యలేదు. వేల్స్‌కు చెందిన యూరోస్ చైల్డ్స్‌ను తెచ్చి కీబోర్డు దగ్గర కూర్చోబెట్టారు. లవ్ పాటలు పాడటం మానేశారు. జనం ఎక్కువగా ఇష్టపడేవాటిలో కొన్ని ఆయనవే. అయినా మానేశారు. 2021లో వచ్చిన ‘ఎండ్‌లెస్ ఆర్కేడ్’ మొదటి పాట ‘హోమ్’ ఏడు నిమిషాలుంటుంది. మాట అయిపోయాక గిటారు ఒంటరిగా, తొందర లేకుండా సాగుతూనే ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు పాట ఎప్పుడైపోతుందా అని చూశాను. తర్వాత తర్వాత ఆ సాగడం కోసమే పెట్టుకుంటున్నాను. 2023 నాటి ‘నథింగ్ లాస్ట్స్ ఫరెవర్’లో మరీ నెమ్మదించారు. ముసలివాళ్ళయ్యారని పాత అభిమానులు గొణిగారు. అయ్యారు మరి, ఏం చెయ్యాలి?

ఇదంతా చూస్తున్నప్పుడు నా మనసు వేములవాడ దగ్గరి మా అమ్మమ్మ ఊరికే పోయేది. అక్కడ ఒక ఒగ్గు కథ జట్టు ఉంది. దాని పెద్దను తాత అని పిలుస్తాం కానీ ఆయన మాకు చుట్టం కాదు. చేతిలో ఒగ్గు అనే డమరుకం, పక్కన డోలు, తాళాలు, నపీర, వంతకు ఆయన బామ్మర్ది. మల్లన్న పట్నాలు వేస్తే, బీరప్ప పండుగ వస్తే రాత్రి మొదలైన కథ కోడి కూసేదాకా నడిచేది. ఈయన ఒక మాట అనాలి, బామ్మర్ది ‘అటెన్కనే ఏమాయె?’ అని అడగాలి. నవ్వించేదీ ఆయనే, అనుమానం తీసేదీ ఆయనే. పిల్లలం నిద్రపోతే పేరు పెట్టి లేపి, కథలోకి మమ్మల్ని లాగేది కూడా ఆ వంత గొంతే.

ఆ బామ్మర్ది మస్కట్‌కు పోయాడు. అప్పులు, బిడ్డ పెళ్ళి, వెళ్ళి వచ్చిన పక్కింటివాడు కట్టిన స్లాబు. సిరిసిల్ల, జగిత్యాల దిక్కు ఈ కథ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. గ్లాస్గోలో విమానం ఎక్కనన్నవాడు జట్టు విడిచాడు, మా ఊళ్ళో విమానం ఎక్కినవాడు విడిచాడు.

తాత అరవై దాటాక జట్టును మళ్ళీ కట్టాడు. ఈసారి కథ లేదు, డోలు ఉంది. ఊళ్ళోని పదిమంది పోరగాళ్ళకు దెబ్బ నేర్పాడు. గజ్జెలు కట్టి, ఒకరి భుజాల మీద ఒకరెక్కి, గోపురం లాగా నిలబడి వాయిస్తారు. బోనాలకు, ఊరేగింపులకు, మంత్రుల సభలకు పిలుపులే పిలుపులు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ పెద్ద వేడుక జరిగినా ఒగ్గు డోలు ఉండాల్సిందే. నాకు మొదట నచ్చలేదు. ఆ మాటే అన్నాను. ‘కథ లేకుండా ఒట్టి చప్పుడేంది తాతా?’

‘చప్పుడుకు పైసలస్తున్నయి బిడ్డా. కథకు చాయ్ అస్తది. పోరలు బతకొద్దా?’

దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా ఒగ్గు కథ గుడి ముందు గీసిన గీత దాటడం కొత్తేమీ కాదు. జనగామ దిక్కు మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఎప్పుడో దాన్ని వేదికల మీదికి, ఆకాశవాణికి తీసుకుపోయాడు. ఆయనకు 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. సి.నారాయణరెడ్డి పుట్టిన హన్మాజీపేటలోనే పుట్టిన మిద్దె రాములు 2010లో పోయేదాకా ఒగ్గు కథకు మా జిల్లా పేరుగా నిలిచాడు. వాళ్ళ కాలంలో కూడా ‘దేవుని కథను బజార్న పెట్టిండ్రు’ అన్నవాళ్ళు ఉండే ఉంటారు.

నన్ను నిజంగా కదిలించింది డోలు కాదు, ఆ తర్వాత సెలవులకు పోయినప్పుడు చూసిన పట్నాలు. దేవుని ముంగట కథ కోయరాదని తాత పట్టుదల. వంతగాడు మాత్రం లేడు. నేర్చుకున్న పోరలకు దెబ్బ వచ్చుగానీ అడగడం రాదు. దాంతో తాత రెండు గొంతులూ తానే అయ్యాడు. కథ చెప్పేది తన గొంతుతో, అడిగేది బామ్మర్ది యాసలో, అదే వెటకారంతో. మధ్యలో ఊపిరి అందక ఆగుతాడు. ఆగినచోట డోలు చిన్నగా, వేళ్ళతో మాత్రమే మోగుతుంది. పాతరోజుల్లో అక్కడ నవ్వులుండేవి. ఇప్పుడు ఆ ఖాళీ కూడా కథలో భాగమైంది. కుంకుమ, పసుపు, పిండితో వేసిన పట్నం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కరూ లేవలేదు. సభల్లో డోలు కొట్టించేవాడూ తెల్లారేదాకా ఇట్లా కూర్చున్నవాడూ ఒకే మనిషి. మొదటిదాన్ని చూసి రెండోది పోయిందనుకున్నాను.

ఆదిలాబాద్ దిక్కు కూడా ఇట్లాంటిదే కనిపిస్తుంది. మర్లవాయికి చెందిన కనకరాజుకు గోండుల గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబర్‌లో ఆయన కాలం చేశాడు. నెమలి ఈకల టోపీలతో ఆ నాట్యం ఎన్నో వేదికలెక్కింది, నిమిషాల లెక్కకు కుదురుకుంది. దీపావళి వేళ ఊళ్ళో ఆడే దండారీ మాత్రం ఎవరి గడియారం చూసీ ఆగదు. వేదికకు ఒకటి, ఊరికి ఒకటి. రెండోది ఉన్నంతకాలం మొదటిదాని గురించి నేను పెద్దగా బెంగపడను.

‘బలగం’ వచ్చిన ఏడాది, అంటే 2023లో, ఇక్కడి తెలుగువాళ్ళం ఆ సినిమా చూసి బాగా ఏడ్చాం. చివర్లో పాడిన దుగ్గొండి దంపతులు మొగిలయ్య, కొమురమ్మల ఫోన్ నంబరు కోసం ఎందరో వెతికారు. 2024 డిసెంబర్‌లో మొగిలయ్య పోయాడు. జంటగా పాడిన పాటలో ఒక గొంతు మిగిలింది.

ఆ ఏడుపు ప్రభావమో ఏమో, ఇక్కడి మా తెలుగు సంఘం కమిటీకి వచ్చే ఉగాదికి జానపదం కావాలనిపించింది. పది నిమిషాల ఒగ్గు డోలు, మనుషుల గోపురం తప్పనిసరి అన్నారు. గంటన్నర కథ పెడదామని నేను పట్టుబట్టాను. హాలు పదింటికి మూసేస్తారు, పిల్లలకు అర్థం కాదు, భోజనాలు చల్లారిపోతాయి. అభ్యంతరాలన్నీ నిజమే. చివరికి నలభై నిమిషాలకు బేరం కుదిరింది. తాతకు ఫోన్ చేసి చెప్తే వీసా గురించి గానీ చలి గురించి గానీ అడగలేదు. వంతకు ఎవరు కూర్చుంటారని మాత్రమే అడిగాడు. మస్కట్‌లోని బామ్మర్దికి సెలవు దొరుకుతుందేమో కనుక్కుంటున్నాను. అక్కడి నుంచి నేరుగా గ్లాస్గోకు విమానం లేదు. దుబాయ్ మీదుగా టికెట్ ధర ఎంతో రేపు చూడాలి.