ఇరుసు కోసం జె.సి. రోడ్డుకి

బెంగుళూరు వెళ్ళినవాళ్ళు లాల్‌బాగ్‌లో తిరుగుతారు, చిక్‌పేటలో చీరలు కొంటారు. ఈ రెండింటికీ మధ్యనే ఉన్నా, పని లేకుండా ఎవరూ అడుగుపెట్టని వీధి ఒకటుంది. అదే జె.సి. రోడ్డు. మైసూరు చివరి మహారాజు జయచామరాజేంద్ర ఒడెయరు పేరు మీద వెలసిన ఈ రోడ్డు టౌన్‌హాలు వైపు నుంచి మినర్వా సర్కిలు దాకా సాగుతుంది. రవీంద్ర కళాక్షేత్రం ఉన్నదీ ఈ రోడ్డు మీదే. అక్కడ నాటకం చూసి బయటికొస్తే ఎదురయ్యేవి బేరింగులు, బ్రేకు డ్రమ్ములు, కమాను కట్టలు! మోటారు బండికి సంబంధించి ఇక్కడ దొరకని వస్తువు లేదంటారు.

మరో ముచ్చట ఏమిటంటే, ఇక్కడ భాష సమస్యే లేదు. కొట్టువాడు కన్నడంలో పలకరిస్తాడు, పక్కవాడితో ఉర్దూలో మాట్లాడతాడు, మనం ముఖం తేలేస్తే చక్కగా తెలుగులోకి దిగుతాడు. హిందూపురం, మదనపల్లె, చింతామణి వైపు నుంచి వచ్చినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎంతమందో!

చీరలు కొనాల్సిన నేను ఆ వీధికి ఎందుకు వెళ్ళానంటే, మా అక్క కొడుకు మూలంగా. వాడి దగ్గర 1991 నాటి మారుతి జిప్సీ ఉంది. సెలవు దొరికితే చాలు, దాన్ని కొండలూ గుట్టలూ ఎక్కిస్తాడు. ఆ బండికి కొత్త తరం ఇరుసులు వేస్తానని పట్టుబట్టాడు. "నువ్వు కూడా వెళ్ళవే, వాడు ఏం చేయిస్తున్నాడో కాస్త చూడు. ఆ బండిలో రేపు తిరగాల్సింది మేమే కదా" అంది అక్క.

వాడి కోరిక వెనక కథ ఇది. జిప్సీ మన దేశంలో 1985 డిసెంబరులో వచ్చింది. సుజుకీవారి జిమ్నీ రెండో తరం బండే దీనికి మూలం. మొదట్లో ముందు చక్రాల మధ్య దూరం 1,210 మిల్లీమీటర్లు, వెనక 1,220. 1993లో రెండింటినీ 90 మిల్లీమీటర్లు పెంచి వెడల్పు బండి తెచ్చారు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషి తొందరగా తూలడు కదా, ఇదీ అంతే. 1996లో 1.3 లీటర్ల ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. మావాడి బండి ఇరుకు రకం. వెడల్పు రకం వెనక ఇరుసు ఒకటి పాత సామాన్ల కొట్టులో చవగ్గా దొరికిందని, నల్లరంగు నిగనిగలాడుతుంటే మురిసిపోయి కొనేశాడు.

దాన్ని ఆటోలో వేసుకుని ఒక సందులో ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. అరవై దాటిన మనిషి, చింతామణి తెలుగు. ఇరుసును చూడగానే బండికి బిగించే మాట ఎత్తలేదు. ఇనుప బ్రష్షుతో రంగు గీకించాడు. కమాను కట్ట కూర్చునే బ్రాకెట్టు చుట్టూ ఎవరో పాతది కోసి మళ్ళీ వెల్డింగు కొట్టిన గుర్తులు బయటపడ్డాయి. అక్కడ కిరసనాయిలు రాశాడు. కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దముక్క రుద్దాడు. తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత మెల్లగా తేలింది. పగులులోకి దూరిన నూనె బయటికి ఊరుతోందన్నమాట!

మావాడి ముఖం వాడిపోయింది. "మళ్ళీ వెల్డింగు చేస్తే సరిపోదా?" అన్నాడు.

"వెల్డింగు ఎవురైనా కొడతారప్పా. ఇరుసు గొట్టం వేడికి వంగితే ఎవురు నిలబెడతారు?" అన్నాడాయన.

తర్వాత ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. కమాను కట్ట బరువు మోయడమే కాదు, ఇరుసును దాని చోటులో పట్టి ఉంచేదీ అదే. కట్ట మధ్యలో ఉన్న సెంటర్ బోల్టు తల బ్రాకెట్టు గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట ఒక పక్క కాస్త జరిగినా ఇరుసు ఏటవాలుగా నిలుస్తుంది. బండి ఎప్పుడూ ఒక పక్కకి లాగుతుంది, టైర్లు అరిగిపోతాయి. బ్రాకెట్టు వాలు తేడా వస్తే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు అదురుతాయి. ముందు ఇరుసుకైతే స్టీరింగు తనంతట తాను నేరుగా తిరిగి రాదు. ఎత్తు పెంచితే బ్రేకు గొట్టాలు పొడవు చాలక తెగే ప్రమాదం.

"పోనీ కొత్త జిమ్నీకున్నట్టు కాయిల్ స్ప్రింగులు వేస్తే?" అన్నాడు మావాడు. 2023లో మన మార్కెట్టుకు వచ్చిన జిమ్నీకి గట్టి ఇరుసులే ఉన్నా, వాటిపై కాయిల్ స్ప్రింగులుంటాయి. కాయిల్ స్ప్రింగు బరువు మోస్తుందంతే, ఇరుసును పట్టి ఉంచదట. అందుకు వేరే కడ్డీలు కావాలి, వాటికి ఛాసిస్ మీదా ఇరుసు మీదా కొత్త బ్రాకెట్లు కావాలి. ఒక స్ప్రింగు మారుద్దామని మొదలుపెడితే సగం బండి మార్చాలి!

చట్టం సంగతీ ఉంది. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. అక్కడ ఈ వెల్డింగులు కనబడితే ఏం జవాబు చెప్పాలి?

మావాడు చాలాసేపు ఇరుసు వైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి లేచి, "బండి ఇరుసే ఉంచుదాం. మిగతావి బాగు చేయండి" అన్నాడు. జె.సి. రోడ్డులోనే కమాను పట్టీలు, బుష్షులు, షాకిల్ పిన్నులు, కొత్త యూ-బోల్టులు కొన్నాం. సాగిన పాత యూ-బోల్టులు మళ్ళీ వాడకూడదనీ, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అన్నీ ఇంకోసారి బిగించుకోవాలనీ ఆయన రెండుసార్లు చెప్పాడు. పగిలిన ఇరుసును ఇంకెవరికీ అమ్మకుండా బ్రాకెట్ల దగ్గర కోయించి, తుక్కు కింద వేయించాడు మావాడు. డబ్బు పోయిందని నేనేమీ అనలేదు.

మీ ఇంట్లోనూ పాత జీపో జిప్సీయో ఉంటే, పిల్లలు మార్పులు చేయిస్తామంటే, వద్దని గొడవపడకండి. వాళ్ళతోపాటు ఒక పూట ఇలాంటి వీధికి వెళ్ళండి. పాత ఇరుసు కొనేముందు రంగు గీకి చూడమనండి. ఒక సుద్దముక్క వెంట తీసుకెళ్తే మరీ మంచిది.

ఆ తర్వాతి ఆదివారం అదే బండిలో మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్ వెళ్ళాం. కొండదారి మలుపులన్నీ నేను లెక్కపెడుతూనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే, అక్క హాయిగా నిద్రపోతోంది.