నవ్వాలంటే భయం

నలుగురు ఆడవాళ్ళు చేరిన చోట మోకాళ్ళ నొప్పులు, షుగరు, బి.పి. అన్నీ మాటల్లోకి వస్తాయి. ఒక్కటి మాత్రం రాదు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా చీర తడవడం.

మా వదిన ఏడుపాయల జాతరకు రానని మొండికేసినప్పుడు గానీ నాకా సంగతి తెలియలేదు. మంజీర ఏడు పాయలుగా చీలిన చోట, బండరాళ్ళ నడుమ వనదుర్గమ్మ కొలువు. శివరాత్రికి ఇసుక వేస్తే రాలనంత జనం.

"అమ్మ మీద భక్తి లేక కాదే. ఆ లైన్ల గంటలకొద్ది నిలబడుడు నాతోని కాదు. పక్కన నువ్వుండి నవ్విస్తవు గూడ" అంది. అంటూంటేనే కళ్ళు చెమర్చాయి. ముగ్గురు పిల్లల తల్లి. ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదట, మా అన్నయ్యకు కూడా!

డాక్టరమ్మ పరీక్ష చేసి "స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్" అంది.

"నాకేం రంది లేదమ్మా" అంది వదిన వెంటనే.

మనసులోని దిగులు కాదట. దగ్గినప్పుడు పొట్టలో పుట్టే ఒత్తిడి. కాన్పులతో, వయసుతో మూత్రనాళానికి ఆసరాగా ఉండే కండరాలు సడలితే, ఆ ఒత్తిడికి మూత్రం జారిపోతుంది.

ఆపరేషన్ల సంగతి అడిగి తెలుసుకున్నాను. 1961లో బర్చ్ అనే అమెరికా డాక్టరు చెప్పిన పద్ధతి ఒకటి. పొత్తికడుపు కోసి, మూత్రాశయం మెడకు ఇరుపక్కలా కుట్లు వేసి, జఘనాస్థి వెనక ఉండే గట్టి కణజాలానికి పైకెత్తి కట్టడం. పందిరి గుంజకు జారిన తీగను కట్టినట్టన్నమాట. అదే పనిని 1991 నుంచి చిన్న రంధ్రాల గుండా, దుర్బిణీతో చూస్తూ చేస్తున్నారు. నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా రావచ్చు. ఆపరేషన్‌కు మాత్రం ఎక్కువసేపు పడుతుంది, చెయ్యి బాగా తిరిగి ఉండాలి. మొదటి కొన్నేళ్ళ ఫలితం రెండింటికీ దాదాపు ఒకటే. ఒక్కో వైపు ఒక కుట్టు కన్నా రెండు వేస్తే మేలని తేలింది. గాటు చిన్నదని లోపలి పనీ చిన్నదనుకుంటాం మనం!

1990లలో సన్నని టేపు అమర్చే పద్ధతి వచ్చి ఈ రెండింటినీ వెనక్కి నెట్టింది. ఆ టేపుతో కొందరు బాధలు పడ్డారని ఇంగ్లండులో 2018లో దాని వాడకాన్ని ఆపారు. పాత కుట్ల మాట మళ్ళీ వినబడసాగింది. నన్నడిగితే, నాలుగు రోజులకే బిందె ఎత్తక తప్పని ఇల్లాలికి చిన్న గాటే నయం. కానీ అలవాటు లేని చేతి చిన్న గాటు కన్నా, ఆరితేరిన చేతి పెద్ద కోత వెయ్యి రెట్లు మేలు. "ఇలాంటివి మీరెన్ని చేశారు?" అని డాక్టరును అడగడానికి మొహమాటం దేనికి? చీర కొనేటప్పుడు పది చీరలు తీయిస్తాం కదా!

వదినకు ఇంకా కత్తి దాకా రాలేదు. మూత్రం ఆపుకున్నట్టు ఆ కండరాల్ని బిగించి వదలడం, కనీసం మూడు నెలలు. 1948లో కెగెల్ అనే డాక్టరు రాసిన వ్యాయామమే. పైసా ఖర్చు లేదు. పొయ్యి మీద పాలు పొంగేలోగా వదిన పది లెక్కపెడుతుంది. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుందని కసురుతోంది.