మేనకోడలి ప్రశ్న

డాలస్‌లో నివసించే మా మేనకోడలు క్రిందటి రమజాన్‌కు ముందు ఫోను చేసి, "మామూ, నడుము నొప్పికి యోగా తరగతికి వెళ్ళమని డాక్టరుగారు అన్నారు. వెళ్ళవచ్చునా?" అని అడిగింది. మేము క్షణమైనా ఆలోచింపక "వద్దు బేటీ" అన్నాము. ఆమె మారు పలుకలేదు. రెండు నెలల తరువాత, నొప్పి ముదిరి పసిబిడ్డను సైతం ఎత్తుకోలేకపోతున్నదని మా చెల్లెలు చెప్పినప్పుడు, మా జవాబుకు ఆధారమేమిటని మమ్మల్ని మేమే ప్రశ్నించుకున్నాము. అమెరికాలో యోగా పేరిట ఏమి జరుగుతున్నదో మాకు తెలియదు. తెలియని విషయంపై తీర్పు చెప్పరాదని ఏళ్ళ తరబడి విద్యార్థులకు బోధిస్తున్నది మేమే.

అప్పుడు చదవనారంభించాము. వివేకానందుడు 1893లో చికాగో సర్వమత సభకు వెళ్ళి, 1896లో రాజయోగంపై గ్రంథం వెలువరించినప్పుడు ఆయన దృష్టి ధ్యానంపైనే ఉన్నది. ఆసనాలకు ఆయన పెద్ద విలువనివ్వలేదు. నేడు పాశ్చాత్యులు చేస్తున్న యోగాలో చాలా భాగం మైసూరు నుండి వెళ్ళినది. 1930లలో అక్కడి మహారాజు ఆశ్రయంలో, జగన్మోహన ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్య ఆసనాలు నేర్పేవారు. వాటిలో ఐరోపా జిమ్నాస్టిక్స్ పాలు కూడా ఉన్నదని కొందరు పరిశోధకుల వాదన. రీగా నగరంలో పుట్టిన ఇంద్రాదేవికి మొదట నేర్పనన్న ఆయన, మహారాజు మాటపై ఒప్పుకున్నారు. ఆమె తరువాత హాలీవుడ్‌లో పాఠశాల తెరవగా, గ్లోరియా స్వాన్సన్ వంటి తారలు శిష్యులయ్యారు. మోక్షం మాట వెనుకబడి, ఆరోగ్యం, యవ్వనం, మనశ్శాంతి ముందుకు వచ్చాయి. మరో శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్‌ను వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ 1952లో కలిసి, తరువాత ఐరోపాకు పిలిపించుకున్నాడు. 1960లలో టెలివిజన్ ఆ ఆసనాలను అమెరికా ఇళ్ళ నట్టింటికి తెచ్చింది.

కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్ వ్యాజ్యం వద్ద మేము చాలాసేపు ఆగిపోయాము. ప్రాథమిక పాఠశాలల్లో యోగా నేర్పడం మతబోధేనని 2013లో కొందరు తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్ళారు. యోగా మూలాలు మతంలో ఉన్నాయని న్యాయమూర్తి అంగీకరిస్తూనే, ఆ బడుల్లో నేర్పుతున్నది మతం కాదన్నారు. ఎందుకంటే సంస్కృత నామాలు అప్పటికే తొలగించారు. పద్మాసనానికి కూడా పిల్లల ఆటమాటే పేరైంది! 2015లో పైకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. మరోవైపు, యోగాను హిందూ ధర్మం నుండి విడదీయరాదని అక్కడి హిందువులు కొందరు ఉద్యమించారు. వారి బాధ మాకు అర్థమైంది. మన నమాజును ఎవరైనా మోకాళ్ళ వ్యాయామమని అమ్మితే మనకు మాత్రం ఎలా ఉంటుంది?

ఉలమాలు సైతం ఒకే మాటపై లేరు. మలేషియా జాతీయ ఫత్వా మండలి 2008లో ముస్లిములను యోగా నుండి వారించింది. ఇండోనేషియా ఉలమా మండలి 2009లో మంత్రోచ్చారణ, ఆరాధన కలిసినదానిని నిషేధించి, కేవల వ్యాయామాన్ని అనుమతించింది. మాకు రెండవదే సబబనిపించింది. పతంజలి యోగాన్ని అల్ బిరూనీ వెయ్యేళ్ళ క్రితం శ్రమించి చదివి అరబీలోనికి తెచ్చాడు. మేము ఫోనులో ఒక్క మాటతో తేల్చివేశాము.

మొన్న మేమే ఫోను చేసి, "బేటీ, ఆ తరగతిలో ఏమేమి చేయిస్తారు? ఏమైనా పలికిస్తారా?" అని అడిగాము.

"చివర చేతులు జోడించి నమస్తే అంటారట మామూ. అనకపోయినా ఎవరూ ఏమీ అనుకోరట. ఆడవాళ్ళకు వేరే తరగతి ఉంది."

"అయితే వెళ్ళు. అది మాత్రం విడిచిపెట్టు. ఆ రోజు మేము తొందరపడ్డాము, మన్నించు."

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మామూ, మీ నడుము నొప్పి ఎలా ఉంది?" అని అడిగింది.