తొలగింపులో వివేకం

పనికిరాని దానిని విడిచిపెట్టడం తెలుగువారికి కొత్త విద్య కాదు. భోగినాడు తెల్లవారుజామున విరిగిన పీటలూ, చెదపట్టిన తలుపుచెక్కలూ మంటకు ఆహుతి అవుతాయి. అయితే పిల్లలు ఉత్సాహంతో మోసుకొనివచ్చిన వస్తువులలో ఒకటి రెండింటిని మళ్లీ ఇంటిలోనికి పంపే పెద్దదిక్కు కూడ అక్కడ ఉంటుంది. కంప్యూటరును శుభ్రపరచేవారికి కావలసినది ఆ పెద్దల చూపే.

ఇంటిలోని చెత్త కంటికి కనిపిస్తుంది. కంప్యూటరులో పేరుకొన్నది అంత సులభంగా కనిపించదు. ఒకే పాఠం నాలుగు పేర్లతో నాలుగు ఫోల్డర్లలో ఉంటుంది. ఎన్నడో ఆడి మానిన ఆటల అవశేషాలు మూలమూలలా చేరి ఉంటాయి. హార్డ్ డిస్కు నిండిపోయిందనే హెచ్చరిక వచ్చిననాడు యజమాని మేలుకొని, ఒక్కొక్కదానినే ఎంచి డిలీట్ నొక్కుతూ పోతాడు. కొన్ని వెంటనే మాయమవుతాయి. ఒక ఫోల్డరు మాత్రం కదలదు. 'వాడుకలో ఉంది' అనో, 'అనుమతి లేదు' అనో సమాధానం వస్తుంది. అప్పుడు విసుగు కలగడం సహజం. కాని ఆ నిరాకరణకు ఒక కారణం ఉంటుంది. దానిని తెలిసికొన్న తరువాతనే తొలగింపుకు పూనుకోవాలి.

ఫోల్డరులోని ఒక ఫైలును ఏదైనా ప్రోగ్రాము తెరచి ఉంచినప్పుడు 'వాడుకలో ఉంది' అనే సందేశం వస్తుంది. పాట వింటూ, ఆ పాట ఉన్న ఫోల్డరునే తీసివేయబోయేవారికి ఈ అడ్డంకి ఎదురవుతుంది. ప్రోగ్రామును మూసివేస్తే చాలు. అది ఏదో తెలియనప్పుడు కంప్యూటరును ఒకసారి ఆపి మళ్లీ ప్రారంభించవచ్చు. అప్పటికీ లొంగకపోతే, అత్యవసరమైన భాగాలు మాత్రమే పనిచేసే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించవచ్చు. ఒక్కొక్కప్పుడు పేరు పొడవే చిక్కు తెస్తుంది. ఫోల్డరులో ఫోల్డరుగా సాగిపోయిన చిరునామా విండోస్‌లో అనాదిగా ఉన్న 260 అక్షరాల పరిమితిని దాటితే తొలగింపు ఆగిపోవచ్చు. పై ఫోల్డర్ల పేర్లను కుదిస్తే ఆ చిక్కు వీడుతుంది.

'అనుమతి లేదు' అనే సందేశం ఇంతకంటె ఆలోచింపదగినది. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ వాడుకొనే కంప్యూటరులో అన్నకు పనికిరానిదిగా తోచిన ఫోల్డరు, చెల్లెలు నెలల తరబడి తయారుచేసుకొన్న ప్రాజెక్టు కావచ్చు. అడ్మినిస్ట్రేటరు హోదా ఉన్నవాడు ఆ ఫోల్డరును తన వశం చేసుకొని తీసివేయగలడు. చేయగలిగినంత మాత్రాన చేయతగినది కాదు. అడిగి తీసివేయడం ధర్మం.

కొన్ని ఫోల్డర్లకు కంప్యూటరు వ్యవస్థయే యజమాని. 2007లో వచ్చిన విండోస్ విస్టా నాటినుండి ముఖ్యమైన ఫైళ్లను ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే ప్రత్యేక ఖాతా కాపాడుతోంది. 'సిస్టమ్ 32' ఫోల్డరును తీసివేస్తే కంప్యూటరు వేగం పెరుగుతుందని చెప్పే ఆకతాయి సలహాలు ఉన్నాయి. వాటిని నమ్మినవారి కంప్యూటరు మళ్లీ తెరుచుకోదు. ప్రోగ్రాములను కూడ ఫోల్డరు చెరిపి వదిలించుకోరాదు. వాటి వేళ్లు ఇతర చోట్లకు పాకి ఉంటాయి గనుక అన్‌ఇన్‌స్టాల్ పద్ధతిలోనే తీసివేయాలి.

కారణం తెలిసిన పిమ్మట కూడ తొందర తగదు. సందేహం ఉన్న ఫోల్డరును ముందుగా వేరొకచోటికి మార్చి, కొన్నాళ్లు వేచి చూడడం మేలు. మామూలుగా తొలగించినది రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. షిఫ్ట్ మీటతో కలిపి తొలగించినది అక్కడికి చేరదు. పెన్‌డ్రైవ్‌నుండి తీసివేసినవాటికి సాధారణంగా ఆ ఆశ్రయం ఉండదు. ఇంటర్నెట్ నిల్వతో అనుసంధానమైన ఫోల్డరును ఒకచోట చెరిపితే, మిగిలిన పరికరాలన్నింటిలోనూ చెరిగిపోవచ్చు. అందువలన విలువైన వాటికి విడిగా మరొక ప్రతి ఉండి తీరాలి.

ఈ మాట విలువను తెలిపే ఉదంతం ఒకటి ఉంది. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' అనే యానిమేషన్ చిత్రాన్ని నిర్మిస్తున్నది. ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక తొలగింపు ఆదేశం ఫోల్డరు వెంట ఫోల్డరును మింగివేసింది. పాత్రలూ దృశ్యాలూ చూస్తుండగానే అదృశ్యమయ్యాయి. చిత్రంలో సుమారు 90 శాతం పోయిందని సంస్థ సహ వ్యవస్థాపకుడు ఎడ్ క్యాట్‌మల్ 2014లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. ఆదుకోవలసిన బ్యాకప్ వ్యవస్థ సరిగా పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. బిడ్డ తల్లి అయిన గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలు ఇంటినుండి పనిచేయడం కోసం తన కంప్యూటరులో చిత్రపు ప్రతిని ఉంచుకొన్నది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, పసిపాపను తెచ్చినంత జాగ్రత్తగా కారులో సంస్థకు చేర్చారు. ఎందరో కళాకారుల శ్రమ ఆ ఒక్క ప్రతి వలన దక్కింది.

ప్రతి విలువ తెలుగు సాహిత్యానికి అనుభవంలో ఉన్నదే. 19వ శతాబ్దంలో తాళపత్రాలు చెదలపాలవుతున్న వేళ, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను నియమించి, దొరికిన ప్రతులను సేకరింపజేసి, పోల్చి చూపించి, కాగితాలపైకి ఎత్తి రాయించాడు. అటకమీద అడ్డుగా తోచిన తాటాకుల కట్టలో ఏమున్నదో విప్పి చూచినవారి వలననే ఎన్నో కావ్యాలు నేటి చదువరులకు దక్కాయి. డిలీట్ మీటపై వేలు ఉంచిన విద్యార్థి కూడ ముందుగా ఆ ఫోల్డరును తెరచి చూడాలి. అది ఎవరిదో, వేరొక ప్రతి ఉన్నదో లేదో తెలిసికొన్న తరువాత నిస్సంకోచంగా తీసివేయవచ్చు.