బందరు దారిలో ఒక మాట

విజయవాడ నుండి బందరుకు సుమారు 70 కిలోమీటర్లు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా, కృష్ణా కాలువల నీటితో పండే పచ్చని వరి చేల నడుమ బస్సు సాగుతుంది. ఆ రోజు మేము బయలుదేరింది జబ్బుపడిన మా ఖాలాను పరామర్శించడానికి. వెంట ఉత్తరప్రదేశ్ నుండి క్రొత్తగా మా ఇంటికి వచ్చిన కోడలు ఉన్నది.

ప్రక్క సీటులోని పెద్దావిడ "ఎందాకమ్మా?" అని పలకరించారు. "బందరుకండీ. మా పిన్నికి సుస్తీ చేసింది, చూడటానికి వెళుతున్నాం" అన్నాను. మా కోడలి ముఖం చిన్నబోయింది. కాసేపటికి ఉర్దూలో మెల్లగా అడిగింది: "అమ్మీ, మంచం పట్టిన మనిషిని సోమరి అని పరాయివారితో అనవచ్చునా? అది గీబత్ కాదా?"

తప్పు ఆమెది కాదు, నాదీ కాదు. పారశీకంలో 'సుస్త్' అంటే బలహీనం, సడలినది అనే అర్థాలున్నాయి. ఉర్దూ అందులో నుండి సోమరితనాన్ని తీసుకున్నది. తెలుగు బలహీనతను తీసుకుని 'జబ్బు' అనే అర్థంలో నిలుపుకున్నది. ఇటువంటి చిక్కు ఇతర భాషలలోనూ ఉన్నది. స్పానిష్‌లో 'మాలో' అనే విశేషణాన్ని ఒక క్రియతో వాడితే 'జబ్బుగా ఉన్నాడు' అని, మరొక క్రియతో వాడితే 'చెడ్డవాడు' అని అర్థం.

'బందరు' కూడా పారశీక పదమే. ఓడరేవు అని అర్థం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ రేవు నుండి పారశీక, అరబ్బు తీరాలకు ఓడలు నడిచేవి. సరుకులతో పాటు మాటలూ దిగాయి. కొంతకాలం బందరులో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్, తెలుగులో కలిసిన అన్యభాషా పదాల కోసమే 1854లో ఒక నిఘంటువును వెలువరించారు.

ఇల్లు చేరేసరికి ఖాలా మంచంపై దిండుకు ఆనుకుని ఉన్నారు. సలాముకు బదులిచ్చి, కోడలి చెయ్యి పట్టుకుని, "కులాసాయేనా తల్లీ?" అని అడిగారు. రోగియే వచ్చినవారి క్షేమం విచారిస్తున్నారు! ఆ 'కులాసా' అరబీ 'ఖులాసా' నుండి వచ్చినదే. కల్మషం తీసివేయగా మిగిలిన సారం అని దాని మూలార్థం. 'ఇఖ్లాస్' పుట్టినదీ ఆ ధాతువు నుండే.

"మీకెలా ఉంది ఖాలా?" అన్నాను. "ఇప్పుడు ఫర్వాలేదమ్మా, అల్‌హమ్దులిల్లాహ్."

రోగిని పరామర్శించడం ముస్లింపై తోటి ముస్లింకు గల హక్కు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) రోగి వద్దకు వెళ్ళినప్పుడు, ఫర్వాలేదని ధైర్యం చెప్పి, అల్లాహ్ తలిస్తే ఈ జబ్బు పరిశుద్ధి కలిగిస్తుందని ఓదార్చేవారు. కోడలు ఆ దుఆను అరబీలో పలికింది. తరువాత కాస్త తడబడుతూ, తాను నేర్చుకున్న తొలి తెలుగు మాటను చేర్చింది: "ఖాలా, మీరు త్వరగా కులాసాగా ఉండాలి."

ఖాలా నవ్వారు. మాట ఏ రేవులో దిగినా, దానిని పలికే మనసులో ఇఖ్లాస్ ఉంటే రోగికి ఊరట కలుగుతుంది.